పాత క్యాంపర్ వ్యాన్‌లో గీజర్ రిపేర్: ట్రిప్ అవ్వకపోవడమే అసలు ప్రాబ్లం

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి రాసే నేను ఈసారి గీజర్ గురించి రాస్తున్నా. అదీ ఒక సెకండ్ హ్యాండ్ క్యాంపర్ వ్యాన్‌లో ఉన్న గీజర్. మీలో చాలామందికి అలాంటి బండి ఉండకపోవచ్చు. కానీ గీజర్ అందరి ఇంట్లోనూ ఉంటుంది, మల్టీమీటర్ కొనాలన్న కోరిక కూడా చాలామందికి ఉంటుంది. ఈ ఆర్టికల్ చదివాక కనీసం మీ ఇంటి గీజర్‌ని అయినా ఒకసారి చెక్ చేసుకుంటారని నా ఆశ.

విషయానికి వస్తే, మా బావ, నేను డబ్బులు కలిపి పోయిన ఏడాది ఒక పాత క్యాంపర్ వ్యాన్ కొన్నాం. విదేశాల్లోలా ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన మోటర్‌హోమ్ కాదు. ఒక ప్యాసింజర్ వ్యాన్‌ని పాత ఓనర్ బాడీ షాపులో మార్పించుకున్నాడు. రెండు బెర్తులు, ఒక సింకు, బీరువా అంత బాత్రూమ్, అందులో 10 లీటర్ల కరెంట్ గీజర్. నేనుండే గచ్చిబౌలి అపార్ట్‌మెంట్‌లో బైక్ పెట్టడానికే చోటు లేదు కాబట్టి బండిని శంషాబాద్‌లో మా బాబాయ్ వాళ్ల వాకిట్లో పెట్టాం. ఎయిర్‌పోర్ట్ దగ్గరే కాబట్టి తలెత్తితే విమానం, తల దించితే మా వ్యాన్.

కొన్నప్పుడే మొదటి ట్రిప్ ఫిక్స్ అయిపోయింది. కార్తీక మాసంలో నానమ్మని అలంపూర్ జోగులాంబ గుడికి తీసుకెళ్లాలి. శంషాబాద్ నుంచి 44వ నంబర్ హైవే ఎక్కితే దాదాపు 200 కిలోమీటర్లు. నానమ్మ పెట్టిన కండిషన్ ఒక్కటే: "తెల్లారగట్ల తానానికి వేడినీళ్లు ఉండాలె."

అమ్మినతను గీజర్ ఆన్ చేసి చూపించాడు. పావుగంటలో పొగలు కక్కే నీళ్లు వచ్చాయి. ఇంకేం చూస్తాం? డబ్బులిచ్చి బండి తెచ్చేసుకున్నాం.

నేను పట్టించుకోని వార్నింగ్

మొదటి రోజు సాయంత్రం బాబాయ్ ఇంటి సాకెట్ నుంచి వ్యాన్‌కి కరెంట్ ఇచ్చి, గీజర్ ఆన్ చేసి, డోర్ హ్యాండిల్ పట్టుకున్నా. వేళ్లకి సన్నగా జివ్వుమంది. కాళ్లకి చెప్పులున్నాయి. "మెటల్ ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు కూడా ఇట్లనే అంటది కదా" అనుకుని వదిలేశా.

గాడ్జెట్లు తెలిసినవాళ్లు చేసే తప్పు ఇదే. ల్యాప్‌టాప్ జివ్వుమనడానికి కారణం చార్జర్ లోపల ఉండే వై-కెపాసిటర్. నాయిస్ తగ్గించడానికి దాన్ని కావాలనే పెడతారు. అందులోంచి ఎంత కరెంట్ లీక్ అవ్వొచ్చో స్టాండర్డ్స్‌లో లిమిట్ ఉంటుంది. రెండు పిన్నుల చార్జర్‌కి అది దాదాపు పావు మిల్లీ ఆంప్. జివ్వుమంటుంది, అంతకుమించి ఏమీ చెయ్యదు. కానీ పాడైన గీజర్ నుంచి లీకయ్యే కరెంట్‌కి ఏ డిజైనరూ లిమిట్ పెట్టలేదు. ఈ రోజు ఒక మిల్లీ ఆంప్ ఉండొచ్చు, రేపు కాళ్లు తడిగా ఉంటే 40 ఉండొచ్చు. వేళ్లకి తెలిసే ఫీలింగ్ మాత్రం మొదట్లో రెండింటికీ ఒకటే.

మర్నాడు పొద్దున్నే నేను గీజర్ టెస్ట్ చేద్దామని స్విచ్ వేసి లోపలికి వెళ్లా. చిన్నమ్మ వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. ఉత్త కాళ్లు, తడి నేల. దారికి అడ్డంగా తెరిచి ఉన్న వ్యాన్ డోర్‌ని నెట్టబోయింది. ఒక్క కేక వినిపించింది. అదే క్షణంలో ఇంట్లో కరెంట్ మొత్తం పోయింది.

కరెంట్ పోవడం వల్లే చిన్నమ్మ బతికింది. బాబాయ్ ఇల్లు కట్టించినప్పుడు మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించాడు. అదే ట్రిప్ అయ్యింది. చిన్నమ్మకి చెయ్యి ఒక అరగంట తిమ్మిరిగా ఉందంతే. అయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాం. మీరూ అదే చెయ్యండి. షాక్ కొట్టిన మనిషి లేచి నడుస్తున్నంత మాత్రాన అంతా బాగుందని కాదు.

తిరిగొచ్చాక బాబాయ్ నన్ను తిట్టలేదు. "అరే, ఆ బండిల ఏమున్నదో అంతా ఇప్పి చూడు. చూసినంకనే వైరు పెట్టు" అన్నాడు. తిట్టి ఉంటేనే బాగుండేది.

ఆర్‌సీసీబీ ఏం చేస్తుంది?

ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎంసీబీ వైర్‌ని కాపాడుతుంది. ఎక్కువ లోడ్ పడినా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోతుంది. ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. అది చేసే లెక్క చాలా సింపుల్: ఫేజ్‌లో ఎంత కరెంట్ వెళ్లిందో, న్యూట్రల్‌లో అంతే తిరిగి రావాలి. తేడా 30 మిల్లీ ఆంప్స్‌కి చేరేలోపే కట్ చేసేస్తుంది. ఎందుకంటే తిరిగి రాని కరెంట్ ఎక్కడికో పోతోంది, ఆ 'ఎక్కడికో' ఒక మనిషి అయ్యుండొచ్చు.

మరి వ్యాన్‌లో ఎందుకు స్పెషల్‌గా భయపడాలి? వ్యాన్ బాడీ మొత్తం ఇనుము. గీజర్ ట్యాంకు ఆ ఇనుముకే బోల్టులతో బిగించి ఉంటుంది. కింద నాలుగు రబ్బరు టైర్లు. గీజర్ లోపల లీక్ అయిన కరెంట్‌కి భూమిలోకి వెళ్లే దారి ఒకే ఒక్కటి, ప్లగ్‌లో ఉండే ఎర్త్ పిన్. ఆ దారి తెగిపోతే బండి మొత్తం లైవ్ అవుతుంది, పైకి ఏ తేడా కనిపించదు. బండిని, నేలని ఒకేసారి తాకిన మొదటి మనిషే ఆ దారి అవుతాడు.

పని మొదలుపెట్టే ముందు

నేను వాడిన వస్తువులు ఇవి:

- కంటిన్యుటీ బీప్ ఉన్న మల్టీమీటర్
- సాకెట్ టెస్టర్ (మూడు లైట్లతో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ సరిగా ఉన్నాయా చూపించేది)
- 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్, ఎనర్జీ మానిటరింగ్ ఉన్నది. 10 ఆంప్స్ ప్లగ్ గీజర్‌కి పెట్టొద్దు, కరిగిపోతుంది
- కిచెన్‌లో వాడే ప్రోబ్ థర్మామీటర్
- టీడీఎస్ మీటర్
- స్పానర్లు, బకెట్, పాత టవల్

ఒక రూల్: కింద చెప్పిన రెసిస్టెన్స్ టెస్టులన్నీ ప్లగ్ పూర్తిగా పీకేసి, పిన్నులు కళ్లెదురుగా పెట్టుకుని చేసినవే. స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు. కరెంట్ పని మీద నమ్మకం లేకపోతే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఈ ఆర్టికల్ చూపించి అవే టెస్టులు చెయ్యమనండి.

బాబాయ్ ముందు లైన్ టెస్టర్ తెచ్చాడు, ఆ స్క్రూడ్రైవర్ లాంటిది. వద్దన్నా. ల్యాప్‌టాప్ లాంటి చిన్న లీకేజీకి కూడా అది వెలుగుతుంది, ప్రాణం తీసే లీకేజీకీ వెలుగుతుంది. మనకి కావాల్సింది వెలుగు కాదు, నంబర్.

స్టెప్ 1: ఎర్త్ ఉందా?

మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి, ఒక ప్రోబ్ వ్యాన్ ప్లగ్ ఎర్త్ పిన్ మీద, ఇంకోటి వ్యాన్ బాడీలో పెయింట్ లేని బోల్టు మీద పెట్టా. బీప్ రావాలి. రాలేదు. స్క్రీన్ మీద 'ఓఎల్', అంటే కనెక్షనే లేదు.

ప్లగ్ విప్పి చూశా. ఎర్త్ వైర్ తుప్పు పట్టి ఊడిపోయి ఉంటుంది అనుకున్నా. కాదు. కటింగ్ ప్లేయర్‌తో నీట్‌గా కట్ చేసి, వెనక్కి మడిచి, ఇన్సులేషన్ టేప్ చుట్టి ఉంది. ఎవరో కావాలనే చేశారు.

ఎందుకు చేశారో అప్పుడు అర్థం కాలేదు. ముందు వైర్ కొత్తగా చెక్కి పిన్‌కి బిగించా. ఇప్పుడు బీప్ వచ్చింది, రెసిస్టెన్స్ అర ఓమ్ లోపే.

స్టెప్ 2: లీకేజీ ఏ వైపు నుంచి?

ఇక్కడ కరెంట్ పెట్టి చూడక్కర్లేదు. ప్లగ్ చేతిలోనే ఉంది కదా. మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ఫేజ్ పిన్‌కీ ఎర్త్ పిన్‌కీ మధ్య, తర్వాత న్యూట్రల్ పిన్‌కీ ఎర్త్ పిన్‌కీ మధ్య కొలిచా. గీజర్‌కి 20 ఆంప్స్ డీపీ స్విచ్ ఉంది. డీపీ అంటే ఫేజ్, న్యూట్రల్ రెండూ కట్ చేసేది.

- డీపీ స్విచ్ ఆఫ్: రెండు కొలతల్లోనూ 'ఓఎల్'. అంటే మిగతా వైరింగ్ ఓకే.
- డీపీ స్విచ్ ఆన్: సుమారు 4,600 ఓమ్స్. దొంగ గీజరే.

ఇప్పుడు లెక్క చూడండి. ఎర్త్ ఉంటే లీక్ అయ్యే కరెంట్: 230 ÷ 4,600 = 0.05 ఆంప్, అంటే 50 మిల్లీ ఆంప్స్. ఆర్‌సీసీబీ వెంటనే పడిపోవాలి. ఎర్త్ లేకుండా మనిషి మధ్యలోకి వస్తే, తడి శరీరం రెసిస్టెన్స్ సుమారు 1,500 ఓమ్స్ అనుకుందాం: 230 ÷ 6,100 = దాదాపు 38 మిల్లీ ఆంప్స్. చిన్నమ్మ ఒంట్లోంచి అటూఇటుగా అంత పోయింది. కొన్ని సెకన్ల పాటు పోతే గుండె లయ తప్పించగల కరెంట్ అది. ఆర్‌సీసీబీ దాన్ని సెకనులో చిన్న ముక్కకి కుదించింది.

ఈ లెక్క బాబాయ్‌కి చెబితే, "ఒక్కసారి పెట్టి చూపియ్యి" అన్నాడు. అందర్నీ లోపలికి పంపి, బండిని ఎవరూ ముట్టుకోకుండా, బాగు చేసిన ప్లగ్ పెట్టి సాకెట్ స్విచ్ వేశా. టక్! ఇల్లంతా చీకటి. బాబాయ్ కాసేపు ఆలోచించి అన్నాడు: "అంటే ఇది పాతాయన దగ్గర గూడ గిట్లనే ట్రిప్ అవుతుండె. అందుకే ఎర్త్ తీసేసిండు."

నాకు ఒళ్లు జలదరించింది. కోడ్ రాసేవాళ్లకి ఇది బాగా తెలిసిన సీన్. ప్రోగ్రామ్ ఎర్రర్ ఇస్తోంది. ఎర్రర్ ఎందుకొస్తుందో చూడకుండా ట్రై-క్యాచ్ పెట్టి, క్యాచ్ బ్లాక్‌ని ఖాళీగా వదిలేస్తాం. ఎర్రర్ మెసేజ్ పోతుంది, బగ్ మాత్రం అలాగే ఉంటుంది. పాత ఓనర్ చేసింది అచ్చం అదే. గీజర్ ట్రిప్ అవుతోంది, ఎర్త్ కట్ చేస్తే ట్రిప్ ఆగిపోయింది, నీళ్లు కాగుతున్నాయి, ప్రాబ్లం 'సాల్వ్' అయ్యింది. డెమోలో మేం చూసింది ఆ ఖాళీ క్యాచ్ బ్లాక్‌నే.

స్టెప్ 3: ఎలిమెంట్ టెస్ట్

మళ్లీ ప్లగ్ పీకేసి గీజర్ కింద మూత విప్పా. ఎలిమెంట్ వైర్లు తీసేసి రెండు కొలతలు తీసుకోవాలి.

మొదటిది, ఎలిమెంట్ రెండు టెర్మినల్స్ మధ్య. ఎంత రావాలో ముందే లెక్క కట్టొచ్చు: వోల్టేజీని వోల్టేజీతో గుణించి వాట్స్‌తో భాగించాలి. 230 × 230 ÷ 2,000 = 26.5 ఓమ్స్. అదే 3,000 వాట్స్ గీజర్ అయితే 17.6. మాకు 27 వచ్చింది, పర్ఫెక్ట్. 'ఓఎల్' వస్తే ఎలిమెంట్ తెగిపోయినట్టు.

రెండోది, ఒక్కో టెర్మినల్‌కీ గీజర్ బాడీకీ మధ్య. ఇక్కడ 'ఓఎల్' రావాలి. మాకు అదే 4,600 చిల్లర వచ్చింది.

చాలామంది మొదటి టెస్ట్ చేసి "ఎలిమెంట్ బాగుంది" అని ఆగిపోతారు. మా ఎలిమెంట్ నీళ్లని బ్రహ్మాండంగా వేడి చేస్తోంది, మనిషికి షాక్ కూడా కొడుతోంది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. అందుకే రెండో టెస్ట్ తప్పనిసరి.

స్టెప్ 4: విప్పితే కనిపించింది

నీళ్లు మొత్తం డ్రైన్ చేసి, ఫ్లాంజ్ బోల్టులు విప్పి ఎలిమెంట్ బయటికి లాగా. దాని మీద తెల్లటి పెంకు, వేలు మందాన. రాడ్ వంపు దగ్గర తొడుగు నల్లగా మాడి, సన్నగా పగిలి ఉంది.

ఎలిమెంట్ లోపల ఒక కాయిల్, బయట లోహపు తొడుగు, మధ్యలో మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటాయి. ఆ పొడి వేడిని వదులుతుంది, కరెంట్‌ని ఆపుతుంది. కానీ దానికి తేమ తగిలితే ఆపడం మానేస్తుంది. తొడుగు పగిలి నీళ్లు ఆ పొడిలోకి వెళ్లాయి. అదీ లీకేజీ.

తొడుగు ఎందుకు పగిలింది? నాకు కనిపించిన కారణాలు రెండు. ఒకటి, ఉప్పు నీళ్లు. బండి ట్యాంకులో మిగిలిన నీళ్లకి టీడీఎస్ 1,100 దాటింది. తాగునీటికి బీఐఎస్ చెప్పే కోరదగిన లిమిట్ 500, వేరే నీళ్లు దొరకనప్పుడు 2,000 వరకు. టీడీఎస్, గట్టిదనం ఒకటి కావు, టీడీఎస్ మీటర్ సున్నాన్ని విడిగా చూపించదు. కానీ బోరు నీళ్లలో ఆ నంబర్, ఎలిమెంట్ మీద ఈ పెంకు కలిపి చూస్తే డౌట్ అక్కర్లేదు. పెంకు కడితే వేడి నీళ్లలోకి పోదు, ఎలిమెంట్ లోపలే కాలిపోతుంది.

రెండోది, వ్యాన్‌కే వచ్చే జబ్బు. ఇంట్లో పైన ట్యాంకు ఉంటుంది, గీజర్ ఎప్పుడూ నిండే ఉంటుంది. వ్యాన్‌లో సీటు కింద 80 లీటర్ల ట్యాంకు, దాని నుంచి 12 వోల్టుల పంపు. సర్వీస్ తర్వాత గీజర్ ఖాళీగా ఉండగానే స్విచ్ వేస్తే ఎలిమెంట్ గాల్లో కాలుతుంది. నిమిషాల్లో పాడైపోతుంది. అమెరికాలో ఆర్‌వీలు వాడేవాళ్లకీ ఇది బాగా తెలిసిన సమస్యే.

పక్కనే ఉండాల్సిన మెగ్నీషియం ఆనోడ్ రాడ్ కూడా కరిగిపోయి మధ్యలో ఉండే సన్నటి ఇనుప తీగ మాత్రమే మిగిలింది. తుప్పుని ట్యాంకు మీదకి రానివ్వకుండా తనే అరిగిపోవడం ఆనోడ్ పని. దాన్ని మారుస్తూ ఉండటం మన పని.

పాత ఎలిమెంట్‌ని సంచిలో వేసుకుని కోఠి ట్రూప్ బజార్ వెళ్లా. ఎలక్ట్రికల్ సామాన్లకి అదే కరెక్ట్ ప్లేస్. పాత పీస్ చూపిస్తేనే ఫ్లాంజ్ సైజు, బోల్టుల దూరం సరిపోయేది ఇస్తారు. ఎలిమెంట్, గాస్కెట్, ఆనోడ్, ఇంకా వ్యాన్ లోపల పెట్టడానికి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఒకటి కొన్నా. మొత్తం నాలుగు వేలకి కాస్త తక్కువే అయ్యింది.

స్టెప్ 5: బిగించడం

ట్యాంకు లోపలి పెంకుకి నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్లలో కలిపి పోసి, కొన్ని గంటలు ఉంచి కడిగేశా. కొత్త గాస్కెట్ వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించా, కారు చక్రం బోల్టుల్లాగే. తర్వాత పంపు ఆన్ చేసి, వేడినీళ్ల కుళాయి తిప్పి, గాలి పోయి నీళ్లు ధారగా వచ్చేదాకా ఆగా. అప్పటిదాకా స్విచ్ జోలికి పోలేదు.

మల్టీమీటర్‌తో రెండో టెస్ట్ మళ్లీ చేస్తే 'ఓఎల్'. కానీ మల్టీమీటర్ చిన్న బ్యాటరీతో కొలుస్తుంది, 230 వోల్టుల దగ్గర పరిస్థితి వేరుగా ఉండొచ్చు. అందుకే ఊళ్లో ఎలక్ట్రీషియన్ అన్నని పిలిచి 500 వోల్టుల మెగ్గర్‌తో కూడా చూపించా. పాసయ్యింది. ప్లగ్ పెట్టాం, గీజర్ ఆన్ చేశాం. ట్రిప్ లేదు. ఎర్త్ ఉంది, అయినా ట్రిప్ లేదు. ఇదీ అసలు ఫిక్స్ అంటే.

గీజర్ మళ్లీ ఖాళీగా కాలకుండా ఈఎస్‌పీ32 పెట్టి, ఫోన్‌కి నోటిఫికేషన్ పంపించాలని చేతులు దురద పెట్టాయి. ఆపుకున్నా. ట్యాంకులో ఒక ఫ్లోట్ స్విచ్, దాంతో పనిచేసే ఒక కాంటాక్టర్ పెట్టించా. ట్యాంకులో నీళ్లు తగ్గితే గీజర్‌కి కరెంట్ రాదు. వైఫై లేకపోయినా పనిచేస్తుంది. సర్వీస్ తర్వాత గీజర్ నింపడం మాత్రం ఇప్పటికీ మన బాధ్యతే.

స్టెప్ 6: ఇంకో బగ్, గోరువెచ్చటి నీళ్లు

ఇక అయిపోయింది అనుకుంటే, కుళాయిలో నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయి! బావ వెంటనే "థర్మోస్టాట్ మార్చేద్దాం" అన్నాడు. మళ్లీ కొలిచాకే అన్నా.

ముందు థర్మామీటర్ కరెక్టేనా? మరిగే నీళ్లలో పెడితే 98 చూపించింది. 100 రావాలి కదా అనుకోకండి. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ సముద్ర మట్టానికి 617 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. థర్మామీటర్ కరెక్ట్.

తర్వాత లెక్క. 10 లీటర్ల నీళ్లని 24 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే సుమారు 0.42 యూనిట్ కరెంట్ కావాలి. 2,000 వాట్స్ గీజర్‌కి 13 నిమిషాల లోపే. స్మార్ట్ ప్లగ్ గ్రాఫ్ చూస్తే 1,950 వాట్స్ దగ్గర సరళరేఖ, 14 నిమిషాలకి సున్నా. అంటే గీజర్ తన పని తాను చేసి థర్మోస్టాట్‌తో ఆగింది. ఈ గ్రాఫ్ చదవడం నేర్చుకుంటే చాలు:

- మొదటి నుంచీ సున్నా: ఎలిమెంట్ తెగింది, లేదా థర్మల్ కటౌట్ పడింది
- కాసేపటికే ఆగిపోతోంది: థర్మోస్టాట్ తక్కువలో సెట్ అయ్యింది, లేదా పాడైంది
- ఎంతకీ ఆగట్లేదు: థర్మోస్టాట్ అతుక్కుపోయి ఉండొచ్చు, వెంటనే ఆఫ్ చెయ్యండి
- రేటింగ్ కంటే బాగా తక్కువ వాట్స్: సప్లై వోల్టేజీ చూడండి

గీజర్ లోపల వేడిగా ఉన్న నీళ్లు కుళాయి దగ్గర గోరువెచ్చగా ఉంటే మధ్యలో చన్నీళ్లు కలుస్తున్నట్టు. దీనికి టెస్ట్ ఉంది. కరెంట్ ఆపి, గీజర్‌లోకి వెళ్లే చన్నీళ్ల వాల్వ్ మూసి, పంపు ఆన్‌లో ఉంచి వేడినీళ్ల కుళాయి తిప్పాలి. కాసేపట్లో నీళ్లు ఆగిపోవాలి. మాకు ఆగలేదు. ఎక్కడో చన్నీళ్ల లైను, వేడినీళ్ల లైను కలిసిపోయాయి.

వెతికితే బండి వెనక కాళ్లు కడుక్కునే హ్యాండ్ షవర్ దగ్గర దొరికింది. బావ ముందు రోజు బురద కాళ్లు కడుక్కుని, చేతిలోని ట్రిగ్గర్ వదిలేశాడు, నీళ్లు ఆగాయి. కానీ మిక్సర్‌లో వేడి, చన్నీటి నాబ్‌లు రెండూ తెరిచే ఉన్నాయి. బయటికి దారి లేక చన్నీళ్లు ఆ మిక్సర్ గుండా వేడి లైనులోకి వెళ్లిపోతున్నాయి. రెండు నాబ్‌లు కట్టేశా. ఖర్చు సున్నా. థర్మోస్టాట్ మార్చి ఉంటే డబ్బులు పోయేవి, నీళ్లు మాత్రం అలాగే ఉండేవి.

అమెరికాలో ఆర్‌వీ రెంట్‌కి తీసుకునే ఫ్రెండ్స్‌కి కూడా ఇది పనికొస్తుంది. అక్కడ చలికాలంలో హీటర్‌ని తప్పించే బైపాస్ వాల్వ్ ఉంటుంది, అది తెరిచి ఉన్నా ఇదే లక్షణం. అక్కడ 120 వోల్టులు కాబట్టి 1,440 వాట్స్ ఎలిమెంట్‌కి 10 ఓమ్స్ రావాలి. సూత్రం మాత్రం ఒకటే.

అందరూ అడిగే మూడు ప్రశ్నలు

*బ్యాటరీ, ఇన్వర్టర్ మీద నడపొచ్చా?* 2,000 వాట్స్ అంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 167 ఆంప్స్, ఇన్వర్టర్ నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. మా 1,500 వీఏ ఇన్వర్టర్ మొయ్యలేదు కూడా. ఇంకో విషయం: చాలా ఇన్వర్టర్లలో న్యూట్రల్‌కి ఎర్త్‌తో సంబంధం ఉండదు. అప్పుడు లీకేజీ వచ్చినా ఆర్‌సీసీబీ ట్రిప్ అవ్వకపోవచ్చు.

*టెస్ట్ బటన్ నొక్కితే పడుతోంది కదా, సేఫేనా?* సగమే. ఆ బటన్ ఆర్‌సీసీబీ లోపలి మెకానిజమ్‌ని మాత్రమే టెస్ట్ చేస్తుంది, ఎర్త్‌ని కాదు. మా వ్యాన్‌లా ఎర్త్ కట్ అయిపోయిన చోట కూడా బటన్ నొక్కితే టక్‌మని పడుతుంది. అందుకే బటన్ టెస్ట్ వేరు, ఎర్త్ టెస్ట్ వేరు. రెండూ చెయ్యాలి.

*గ్యాస్ గీజర్ పెట్టుకోవచ్చు కదా?* బాత్రూమ్‌లో పెట్టే మామూలు గ్యాస్ గీజర్‌ని వ్యాన్‌లో పెట్టొద్దు. అది గదిలోని గాలినే వాడుకుని, పొగ గదిలోకే వదులుతుంది. అంత చిన్న చోట కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా బలంగా అతుక్కుంటుంది. ట్రూమా లాంటి ఆర్‌వీ గ్యాస్ హీటర్లు బయటి గాలి తీసుకుని, పొగ బయటికే పంపేలా తయారవుతాయి. ఇది, అది ఒకటి కాదు.

పాత బండి కొనేముందు

నేను చెయ్యనివి, మీరు చెయ్యాల్సినవి:

- ప్లగ్ పీకించి, ఎర్త్ పిన్‌కీ బాడీకీ మధ్య బీప్ చూడండి
- ఫేజ్, న్యూట్రల్ పిన్నుల నుంచి ఎర్త్‌కి, స్విచ్‌లన్నీ ఆన్‌లో ఉంచి 'ఓఎల్' వస్తుందా చూడండి
- వ్యాన్ లోపల సొంత ఆర్‌సీసీబీ ఉందా చూడండి. అన్ని ఇళ్లలో, లాడ్జీల్లో ఉండదు
- గీజర్ సేఫ్టీ వాల్వ్ నుంచి వచ్చే పైపు మూసేసి ఉందేమో చూడండి. 10 లీటర్ల నీళ్లు 60 డిగ్రీలకి చేరితే దాదాపు 140 మిల్లీలీటర్లు ఉబ్బుతాయి, అవి బయటికి పోవాలి. అక్కడ చుక్కలు పడితే కంగారు వద్దు, మూత పెట్టొద్దు
- "ట్రిప్ అవుతుండె, సెట్ చేయించాం" అని ఎవరైనా అంటే, ఎలా సెట్ చేశారో అడగండి

కార్తీక మాసం వెళ్లేలోపే అలంపూర్ వెళ్లొచ్చాం. రాత్రి ఒక లాడ్జి ఆవరణలో బండి పెట్టుకున్నాం. వాళ్లు చూపించిన మొదటి సాకెట్‌లో టెస్టర్ పెడితే ఎర్త్ లైట్ వెలగలేదు. వాచ్‌మన్ "ఏం కాదు సార్, రోజూ వాడతాం" అన్నాడు. ఇంకో సాకెట్ వెతికి, అక్కడ మూడూ సరిగ్గా చూపించాకే ప్లగ్ పెట్టా. తెల్లవారుజామున గీజర్ ఆన్ చేసి, కాగాక ఆఫ్ చేసి, ప్లగ్ కూడా పీకేసి, అప్పుడు నానమ్మని స్నానానికి పిలిచా. 10 లీటర్ల వేడినీళ్లకి చన్నీళ్లు కలిపితే నిండుగా ఒక బకెట్ అయ్యాయి. నానమ్మకి సరిపోయాయి.

చిన్నమ్మ కూడా మాతోపాటే వచ్చింది. కానీ ఇప్పటికీ ఆ డోర్‌ని చేత్తో నెట్టదు, మమ్మల్నే తియ్యమంటుంది. మీటర్ 'ఓఎల్' చూపిస్తుందని నేను చెప్పొచ్చు, ఆమె చేతికి మాత్రం వేరే గుర్తుంది. అందుకే ఫ్రెండ్స్, ఈ ఆదివారం మీ ఇంటి మెయిన్ బోర్డు దగ్గరికెళ్లి అసలు ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. ఉంటే టెస్ట్ బటన్ నొక్కండి. బాత్రూమ్ గీజర్ సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో చెక్ చేయించండి. ఏదైనా పదేపదే ట్రిప్ అవుతుంటే తిట్టుకోకండి. అది మీకు ఏదో చెప్పాలని చూస్తోంది. నోరు మూయించే ముందు ఏం చెబుతోందో వినండి.